బాల్కనీకి అద్దాలు బిగిస్తున్నాం, ఏసీ ఔట్‌డోర్ ఎక్కడికి మార్చాలి?

మూడో_అంతస్తు

నమస్కారం అండి. విజయవాడలో మా ఫ్లాటుకు మరమ్మతులు మొదలయ్యాయి. పడకగదికి ఆనుకున్న బాల్కనీకి యూపీవీసీ అద్దాల తలుపులు పెట్టించి మూసేస్తున్నాం. ఏసీ ఔట్‌డోర్ ప్రస్తుతం ఆ బాల్కనీ గోడకే స్టాండు మీద ఉంది.

ఏసీ 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, ఆర్32 గ్యాసు, కొని మూడేళ్లు. ప్లేటు మీద గ్యాసు 780 గ్రాములు అని ఉంది. మాన్యువల్ ప్రకారం 5 మీటర్ల పైపు దాకా అదనపు గ్యాసు అక్కర్లేదు, ఆపైన మీటరుకు 20 గ్రాములు కలపాలి. గరిష్ఠ పొడవు 15 మీటర్లు, ఎత్తు తేడా 8 మీటర్లు. పైపులు పావు అంగుళం, అర అంగుళం. ఇప్పుడున్నది 3 మీటర్లు.

మా ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఔట్‌డోర్‌ని అక్కడే ఉంచేయడం. ఏసీ వేసినప్పుడు ఒక అద్దం తెరిచి పెట్టుకుంటే చాలని కాంట్రాక్టర్ అంటున్నారు.

రెండు, డాబా మీదకి ఎక్కించడం. మా పైన ఇంకో అంతస్తు ఉంది. పైపు సుమారు 11 మీటర్లు, ఎత్తు 6.5 మీటర్లు అవుతుంది.

మూడు, పడకగది బయటి గోడకు, కిటికీ పక్కన బిగించడం. పైపు 4.5 మీటర్లు. ఆ గోడ 8 అంగుళాల తేలిక బ్లాకులది (ఏఏసీ).

ఏ దారైనా పైపులు కనబడకుండా గోడలో దాచాలనుంది. లోపలి గోడలు 4.5 అంగుళాల ఇటుకవి. ఏసీ టెక్నీషియన్ మాత్రం "గ్యాస్ లాక్ చేసి విప్పుతాను, పాత పైపుకి కొత్త ముక్క వెల్డింగ్ చేసి పొడిగిస్తాను, చివర్లో గ్యాస్ టాప్‌అప్ చేస్తాను" అన్నారు. ఇందులో ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి?

---

గాలివాటం

మొదటి దారిని ఇప్పుడే కొట్టేయండి. 1.5 టన్ను ఏసీ గదిలోంచి లాగే వేడి 5.2 కిలోవాట్లు. కంప్రెసర్, ఫ్యాన్లు తినే కరెంటు కూడా చివరికి వేడే కాబట్టి ఔట్‌డోర్ బయటికి వదిలేది 6.5 నుంచి 7 కిలోవాట్లు. అంటే మూసిన బాల్కనీలో వెయ్యి వాట్ల రూమ్ హీటర్లు ఆరేడు పెట్టి ఒకేసారి వేసినట్టు. ఒక అద్దం తెరిస్తే ఆ వేడిగాలి కొంత బయటికి పోతుంది, మిగతాది తిరిగి వెనక జాలీలోంచి యంత్రంలోకే వెళ్తుంది. బయట 42 డిగ్రీలుంటే యంత్రం పీల్చేది 50 దాటిన గాలి. అప్పుడు హై ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. సరిగ్గా మే నెల మధ్యాహ్నం గది చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. పీసీబీ (ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు) ఆయుష్షు కూడా ఆ వేడికే తగ్గుతుంది. పైగా ఆ వేడి అద్దం తలుపు సందుల్లోంచి గదిలోకే వస్తుంది.

మిగిలిన రెండింటిలో నేను మూడోదే ఎంచుకుంటాను. పైపు 5 మీటర్ల లోపే ఉంటుంది కాబట్టి గ్యాసు కలిపే పని లేదు. డాబా మాన్యువల్ హద్దులకు లోబడే ఉంది, తప్పు కాదు. కానీ పైపు పొడవు పెరిగేకొద్దీ చల్లదనం కొంత తగ్గుతుంది, లీకయ్యే చోట్లు పెరుగుతాయి, అసోసియేషన్ అనుమతి కావాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో డాబా మీద ఇన్సులేషన్ మిగలదు, పీకి పారేస్తాయి. విజయవాడలో మీ పేట సంగతి మీకే తెలుసు. డాబాకున్న ఒకే పెద్ద సుగుణం, టెక్నీషియన్ నేల మీద కూర్చుని సర్వీసు చేయగలడు.

గోడకు పెట్టేటప్పుడు ఖాళీలు చూసుకోండి. వెనక గోడకూ యంత్రానికీ మధ్య కనీసం 10 సెంటీమీటర్లు, 15 ఉంటే మేలు. వాల్వులున్న పక్క 30 నుంచి 50 సెంటీమీటర్లు. ఫ్యాను ముందు మీటరు దాకా ఏ అడ్డూ ఉండకూడదు. కింది ఫ్లాటువాళ్ల ఔట్‌డోర్‌కి నిట్టనిలువుగా పైన పెడితే వాళ్ల వేడిగాలి మీది పీలుస్తుంది, కాస్త పక్కకు జరపండి. పడమటి ఎండ పడితే పైన చిన్న రేకు నీడ వేయవచ్చు గానీ ముందువైపు మూయకండి. అందానికని చుట్టూ ఇనుప డబ్బా కట్టించేవాళ్లున్నారు. దానికి గాలి సందులు ఎంత పెద్దవి పెట్టినా ఫ్యాను ముందు అడ్డం అడ్డమే.

ఏ పక్క పెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. ఎక్కువ మోడళ్లలో, ముందు నిలబడి చూస్తే వాల్వులు కుడి పక్కన ఉంటాయి. అవి కిటికీలోంచి చేతికి అందాలంటే, మీరు గదిలో నిలబడి బయటికి చూసినప్పుడు ఔట్‌డోర్ కిటికీకి కుడివైపు ఉండాలి. ఎడమవైపు పెడితే ఫ్యాను పక్క కిటికీకి వస్తుంది, ప్రతి సర్వీసుకూ మనిషి మూడో అంతస్తులో గోడకు వేలాడాలి. ముందు మీ యంత్రం ఒకసారి చూసి నిర్ణయించుకోండి.

---

ఫ్లేర్_నట్టు

పై మాటలన్నీ సరే. నేను పైపు సంగతి చెప్తాను, ఎందుకంటే ఔట్‌డోర్ మార్చడమంటే డబ్బా మోయడం కాదు, ఆ రెండు రాగి పైపుల పనే. ఏసీ మార్చాక "గ్యాస్ పోతోంది" అన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఫ్లేర్లు (నట్టులో కూర్చునేలా గరాటులా విప్పిన పైపు చివరలు), అతుకులే.

విప్పడం. మీ టెక్నీషియన్ చెప్పిన గ్యాస్ లాక్ (పైపుల్లోని గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి లాగి వాల్వులు మూసేయడం) సరైన పద్ధతే, కానీ గేజ్ పెట్టి చేయాలి. ఇన్వర్టర్‌కి ఫోర్స్‌డ్ కూలింగ్ మోడ్ వేయాలి (ఇన్‌డోర్ మీద ఎమర్జెన్సీ బటన్ ఎంతసేపు నొక్కాలో మాన్యువల్లో ఉంటుంది). అది వేయకపోతే గది చల్లగా ఉన్నప్పుడు కంప్రెసర్ నెమ్మదించి గ్యాసు పూర్తిగా లాగదు. ఐదు పది నిమిషాలు నడవనిచ్చి, లావు పైపు సర్వీస్ పోర్టుకు గేజ్ తగిలించి, సన్న పైపు వాల్వుని అలెన్ కీతో గడియారం తిరిగే వైపు పూర్తిగా మూయాలి. ముల్లు ఒకటి రెండు నిమిషాల్లో దిగిపోతుంది. 5 పీఎస్ఐ (గేజ్ చూపే ఒత్తిడి కొలత) దగ్గరికి రాగానే లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఏసీ ఆపేయాలి.

ముల్లు సున్నా కిందికి వెళ్లేదాకా నడపకూడదు. ఎక్కడైనా నట్టు వదులుగా ఉంటే కంప్రెసర్ గాలి పీలుస్తుంది. గాలి, ఆయిల్, విపరీతమైన ఒత్తిడి కలిస్తే కంప్రెసర్ పేలుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో మనుషులు పోయారు. అందుకే వాల్వు రెండూ మూయకుండా, ఏసీ నడుస్తుండగా పైపు నట్టు విప్పే మనిషిని అక్కడే ఆపేయండి. మూడు నాలుగు నిమిషాలైనా ముల్లు దిగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం, ఆపేసి రికవరీ మెషిన్‌తో సిలిండర్లోకి తీయించాలి.

విప్పగానే ఔట్‌డోర్ వాల్వులకు ఇత్తడి మూతలు, పైపు చివరలకు ప్లగ్గులు పెట్టాలి. ఆర్32 కంప్రెసర్లలో ఆయిల్ గాలిలోని తేమని తొందరగా పీల్చుకుంటుంది. మరమ్మతు జరిగే ఇంట్లో సిమెంటు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

పైపు. పాత పైపుకి ముక్క అతకడం వద్దు. గోడలో దాచేదానికి అసలే వద్దు. గోడలోపల అతుకు గానీ ఫ్లేర్ నట్టు గానీ ఉండకూడదు. 15 మీటర్ల చుట్టగా వచ్చే కొత్త రాగి పైపు కొని ఒకే ముక్కగా వేయించండి. మందం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులో 21 గేజ్ అని అడగండి. చౌకగా దొరికే 0.6, 0.7 పైపులు ఆర్32 ఒత్తిడికి, ముఖ్యంగా ఫ్లేర్ చేసిన చోట, నిలబడవు. ఎండాకాలంలో ఏసీ ఆపి ఉన్నప్పుడే లోపల దాదాపు 300 పీఎస్ఐ ఉంటుంది.

వంపులు చేత్తో కాదు, బెండర్‌తోనో స్ప్రింగ్‌తోనో తిప్పాలి. ఎక్కడైనా పైపు నొక్కుకుపోతే దాన్ని సరిచేసే ప్రయత్నం చేయకుండా ఆ ముక్క మార్చేయాలి.

ఇన్సులేషన్ నైట్రైల్ రబ్బరుది, రెండు పైపులకూ విడివిడిగా. "లావు పైపు ఒక్కటే చల్లగా ఉంటుంది, సన్నదానికి అక్కర్లేదు" అని కొందరంటారు. స్ప్లిట్ ఏసీలో క్యాపిలరీ గానీ ఎక్స్‌పాన్షన్ వాల్వు గానీ ఔట్‌డోర్‌లోనే ఉంటుంది కాబట్టి సన్న పైపు కూడా చల్లగానే వస్తుంది. వదిలేస్తే గోడలో చెమట పట్టి రంగు ఉబ్బుతుంది. గోడలోకి 13 మిల్లీమీటర్ల మందం మంచిది. బయట ఎండ తగిలే చోట దానిపైన టేపు చుట్టి పీవీసీ కేసింగ్‌లో పెట్టకపోతే ఆ రబ్బరు రెండు మూడు వేసవులకు పొడిపొడి అవుతుంది.

ఫ్లేర్. పాత ఫ్లేర్ మళ్లీ వాడకూడదు. కట్టర్‌తో తిన్నగా కోసి, పైపు నోరు కిందికి వంచి లోపలి అంచు గీకాలి, లేకపోతే రాగి పొడి లోపల పడుతుంది. నట్టు ముందే ఎక్కించి, ఫ్లేర్ చేసి, కొలవాలి: పావు అంగుళానికి వెడల్పు 9 మిల్లీమీటర్ల దగ్గర, అర అంగుళానికి 16.5 దగ్గర రావాలి. చిన్నదైతే నట్టులోంచి జారుతుంది, పెద్దదైతే అంచు పగులుతుంది. ఫ్లేర్ మీద ఒక చుక్క కంప్రెసర్ ఆయిల్ చాలు. టెఫ్లాన్ టేపు, ఎం-సీల్ పెట్టేవాళ్లు ఫ్లేర్ సరిగా రాలేదని ఒప్పుకుంటున్నట్టే.

బిగింపు టార్క్ రెంచ్‌తో: పావు అంగుళానికి 14–18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 49–61. చేతి అంచనాతో సన్న నట్టును మరీ బిగించి ఫ్లేర్ పలచన చేస్తారు, లావు నట్టును చాలీచాలకుండా వదిలేస్తారు. ఒక పానాతో వాల్వుని పట్టుకుని ఇంకో పానాతో తిప్పాలి, లేకపోతే వాల్వు పైపే మెలిపడుతుంది.

వాక్యూమ్. "కాస్త గ్యాసు వదిలి గాలి తోసేస్తాను" అంటే ఒప్పుకోవద్దు. పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ అరగంట లాగాలి, మైక్రాన్ మీటరు (లోపల ఇంకా ఎంత గాలి మిగిలిందో చూపేది) 500 కిందికి రావాలి. తర్వాత పంపు ఆపి పది నిమిషాలు చూడాలి. కొంచెం పైకి వచ్చి ఒకచోట ఆగితే లోపల తేమ ఉందని అర్థం, ఇంకాసేపు లాగాలి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు.

---

మూడో_అంతస్తు

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడో దారికే మొగ్గుతున్నాం. రెండు సందేహాలు. తేలిక బ్లాకుల గోడ ఔట్‌డోర్ బరువు మోస్తుందా? గోడలో దాచాక లీకయితే ఎలా తెలుస్తుంది, టైల్స్ పగలగొట్టాల్సిందేనా?

---

మేస్త్రీ_లెక్క

గోడ మోస్తుంది. మోయనిది మామూలు యాంకర్ బోల్టు. 1.5 టన్ను ఔట్‌డోర్ బరువు 25–35 కిలోలే, కానీ రోజూ వణుకుతుంది, సర్వీసుకొచ్చినవాళ్లు దానిమీద చెయ్యి ఆనిస్తారు. కాంక్రీటు కోసం చేసిన బిగుసుకునే యాంకర్ బ్లాకులో వేస్తే ఆ నురగలాంటి పదార్థం నలిగిపోయి బోల్టు వదులవుతుంది. బిగించిన రోజు గట్టిగానే అనిపిస్తుంది, అదే ప్రమాదం.

చేయాల్సింది ఇది. బ్రాకెట్ పై బోల్టులు కాంక్రీటు బీమ్‌లో గానీ లింటెల్‌లో గానీ పడేలా ఎత్తు కుదిరితే అదే అన్నిటికన్నా మేలు, 10 మిల్లీమీటర్ల యాంకర్లు సరిపోతాయి. కుదరకపోతే 10 లేక 12 మిల్లీమీటర్ల మరల కడ్డీని గోడకు ఆరపార దింపి, లోపలివైపు 100×100 మిల్లీమీటర్ల, 5 మిల్లీమీటర్ల మందం ఇనుప పలక పెట్టి నట్టు బిగించాలి. ఇప్పుడు ప్లాస్టరింగ్ ఎలాగూ చేస్తున్నారు కాబట్టి పలక ప్లాస్టర్‌లో కలిసిపోతుంది. ఇల్లు పూర్తయ్యాక ఈ అవకాశం ఉండదు. బ్లాకుకు చిల్లు వేసేటప్పుడు డ్రిల్ హ్యామర్‌లో పెట్టకండి, వెనకవైపు పెచ్చు ఊడిపోతుంది. బ్రాకెట్ గాల్వనైజ్డ్‌ది తీసుకోండి, యంత్రం కాళ్ల కింద రబ్బరు బుష్షులు వేయండి, లేకపోతే రాత్రిపూట ఆ గుయ్‌మనే చప్పుడు గోడలోంచి గదిలోకి వస్తుంది. సన్‌షేడ్ మీద పెట్టమని ఎవరైనా అంటే వద్దనండి. దాని మందం, లోపలి కడ్డీల పరిస్థితి మీకు తెలియదు, పైగా మనిషి దానిమీదే నిలబడి పని చేస్తాడు. బయట పనిచేసేవాళ్లకు నడుం బెల్టు, తాడు కట్టే చోటు మీరే చూపించండి.

ఇక గాడి. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డం గాడి ఆరో వంతు మించకూడదన్నది పాత నియమం. 4.5 అంగుళాల గోడంటే 115 మిల్లీమీటర్లు, మూడో వంతు 38. అర అంగుళం పైపుకి 13 మిల్లీమీటర్ల రబ్బరు చుడితే 39 అవుతుంది, పైన కనీసం 15 ప్లాస్టర్ కావాలి. అంటే ఆ గోడలో నిలువునా కూడా కుదరదు. అడ్డంగా గాడి కొట్టిస్తే గోడ రెండు ముక్కలైనట్టే. కాబట్టి లోపలి గోడల్లో దాచే ఆలోచన మానుకోండి. ఫాల్స్ సీలింగ్ వేయిస్తుంటే పైపు దాని పైనుంచి తీసుకెళ్లి బయటి గోడ దగ్గర దింపండి. లేదా ఇన్‌డోర్‌నే బయటి గోడకు మార్చండి, అప్పుడు పైపు తిన్నగా ఒక చిల్లులోంచి బయటపడుతుంది, గాడి అవసరమే లేదు. అయితే పైపు మాన్యువల్ చెప్పే కనిష్ఠ పొడవుకి తగ్గకూడదు, చాలా మోడళ్లలో అది 3 మీటర్లు.

8 అంగుళాల బ్లాకు గోడలో నిలువుగా గాడి తీయవచ్చు. కట్టర్‌తో రెండు గీతలు కోసి ఉలితో తీయాలి, బ్రేకర్ వాడకూడదు. మూసేటప్పుడు పైన చికెన్ మెష్ కొట్టి ప్లాస్టర్ చేయకపోతే ఆ గీత వెంబడే నెర్ర వస్తుంది. బీమ్, పిల్లర్ మీద గాడి గానీ పైపు చిల్లు గానీ ఎవరు చెప్పినా వద్దు. బయటికి వెళ్లే చిల్లు 65–70 మిల్లీమీటర్లు, బయటివైపు కొద్దిగా వాటం ఇచ్చి, లోపల పీవీసీ తొడుగు పెట్టాలి. పైపు బయటికొచ్చాక కిందికి ఒక వంపు తిప్పితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి, లోపలికి రావు.

లీకు గురించి: ప్లాస్టర్ ముందే నైట్రోజన్‌తో పరీక్షించాలి. ఇన్‌డోర్ చివర రెండు పైపుల్నీ యూ బెండుతో కలిపేసి, ఇంకో చివర గేజ్ పెట్టి, 400 పీఎస్ఐ దాకా నింపి 24 గంటలు ఉంచండి. ఈ పరీక్షకు ఎప్పుడూ నైట్రోజనే, రెగ్యులేటర్‌తోనే. ఆక్సిజన్ సిలిండర్ పెడితే ఆయిల్ తగిలి పేలుతుంది.

ముల్లు కొంచెం దిగితే కంగారుపడకండి. పగలు 38, రాత్రి 28 అయితే 400 మీద సుమారు 13 పీఎస్ఐ చలికే తగ్గుతుంది, మళ్లీ పగటి వేడికి పైకి రావాలి. రాకపోతేనే లీకు.

పరీక్ష అయ్యాక నైట్రోజనంతా వదిలేయకుండా 150 పీఎస్ఐ ఉంచి, గేజ్ అలాగే తగిలించి ఉంచండి. ప్లాస్టర్, రంగులు, వార్డ్‌రోబ్ పని అయ్యేదాకా రోజూ ఒకసారి చూడండి. వడ్రంగి మేకు పైపులో దిగితే ఆ రోజే ముల్లు పడిపోతుంది, ఎవరు ఎక్కడ కొట్టారో కూడా తెలుస్తుంది. లేకపోతే అది ఏసీ బిగించాక తెలుస్తుంది, అప్పటికి గోడకు రంగులు కూడా అయిపోయి ఉంటాయి. మూసేముందు టేపు పెట్టి కొలతలు కనబడేలా ఫొటోలు తీసుకోండి, నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అని.

---

పాత_గేజ్

అన్నీ బాగానే చెప్పారు గానీ గ్యాసు గ్రాముల లెక్కన తూచే ఎక్కించాలని భయపడక్కర్లేదు. గేజ్‌లో లావు పైపు ప్రెషర్ ఆర్22కి (పాత ఏసీల గ్యాసు) 60–70 పీఎస్ఐ, ఆర్32కి 120–130 చూసి పెడితే సరిపోతుంది. తూకం మెషిన్ ఉన్న టెక్నీషియన్ ఎంతమంది దొరుకుతారు?

---

ఫ్లేర్_నట్టు

గౌరవంగానే విభేదిస్తున్నానండి. స్థిర వేగంతో తిరిగే పాత ఏసీలకు ప్రెషర్, ఆంపియర్లు, చల్లదనం మూడూ కలిపి చూస్తే పని జరిగేది. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం నిమిష నిమిషానికీ మారుతుంది. నెమ్మదిగా తిరుగుతుంటే లావు పైపు ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, వేగం అందుకుంటే తక్కువ. గ్యాసు తక్కువున్నా "130 ఉంది, చాలు" అనిపించవచ్చు. సరిపడా ఉన్నా "110కి పడింది" అని ఇంకో 200 గ్రాములు ఎక్కించవచ్చు. రెండోదే ఎక్కువ జరుగుతుంది, దాని ఫలితం ఏప్రిల్లో కాదు, మేలో తెలుస్తుంది. ఫోర్స్‌డ్ మోడ్‌లో పెట్టి చూసినా బయటి వేడిని బట్టి, గది వేడిని బట్టి అంకె మారుతుంది. వంటగది తూకంలాంటి డిజిటల్ కాటా ఒకటి సిలిండర్ కింద పెడితే తేలిపోయే విషయం.

ప్రశ్న అడిగినవారికి లెక్క ఇది. 4.5 మీటర్ల పైపుతో గోడకు పెడితే, గ్యాస్ లాక్ సరిగ్గా జరిగి ఉంటే, కలపాల్సింది సున్నా. "టాప్‌అప్" పేరుతో బిల్లు వేస్తే కారణం అడగండి. డాబాకే వెళ్తే 11లో 5 పోను 6 మీటర్లు, 6×20 అంటే 120 గ్రాములు కలపాలి. గ్యాసు కొంతైనా పోయిందన్న అనుమానముంటే కొసరు వేయడం కాదు, మిగిలింది పూర్తిగా తీసి, వాక్యూమ్ లాగి, 780 గ్రాములు (డాబాకైతే 900) తూచి ఎక్కించాలి. చివరికి ఎంత వేశారో ఔట్‌డోర్ మూత లోపల స్కెచ్ పెన్నుతో రాయించండి, తర్వాత వచ్చే మనిషికి అదే ఆధారం.

ఇంకోటి, ఆర్32 నెమ్మదిగానైనా మండే గ్యాసు. గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. నట్టులు విప్పేటప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి, పక్కన గ్యాస్ వెల్డింగ్, సిగరెట్టు ఉండకూడదు. మంట తగిలితే వచ్చే పొగ విషం. లోపల గ్యాసున్న పైపుకి టార్చ్ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

---

పాత_గేజ్

ఇన్వర్టర్‌లో వేగం మారుతుందన్నది సబబే. కాటా ఉన్నవారినే పిలవమని నేనూ అంటాను.

---

ఎంసీబీ_20

కరెంటు గురించి ఎవరూ రాయలేదు. గోడలు తెరిచి ఉన్నప్పుడే ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ, సరైన ఎర్తు వేయించేయండి. 16 ఆంపియర్ల సాకెట్‌లో ప్లగ్గు ఏళ్లతరబడి వేడెక్కి నల్లబడుతుంది, దానికి బదులు ఏసీ ఎంసీబీ బాక్సు పెట్టించండి.

ఇన్‌డోర్ నుంచి ఔట్‌డోర్‌కి వెళ్లే కేబుల్ మధ్యలో అతుకు ఉండకూడదు. అందులో ఒక తీగ కరెంటుది కాదు, రెండు పీసీబీలు మాట్లాడుకునేది. అక్కడ అతుకు తుప్పు పట్టినా, టెర్మినల్‌లో తీగలు తారుమారైనా ఏసీ కమ్యూనికేషన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కొన్నిసార్లు పీసీబీ కూడా పోతుంది. విప్పే ముందు రెండు చివరలా టెర్మినల్ ఫొటో తీయండి, ఏ అంకె దగ్గర ఏ రంగో కనబడాలి. పాత కేబుల్ 3 మీటర్లకు కోసి ఉంటుంది కాబట్టి కొత్తది ఒకే పొడవుగా కొనాలి. మందం మాన్యువల్లో ఎంత ఉంటే అంత, తక్కువ కాదు.

---

మూడో_అంతస్తు

ఇన్‌డోర్‌ని బయటి గోడకే మార్చేస్తున్నాం, ఔట్‌డోర్ కిటికీకి కుడివైపు. మా యంత్రానికి వాల్వులు మీరన్నట్టే ఉన్నాయి. ఇన్‌డోర్, ఔట్‌డోర్ మధ్య పైపు 3.5 మీటర్లు వస్తోంది. పని రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా యంత్రాలు ఎలా ఉంచాలి? డ్రెయిన్ ఇదివరకు బాల్కనీ నేల మీద పడేది, ఇప్పుడు?

---

మేస్త్రీ_లెక్క

బాల్కనీలో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) ఉంటే దాన్ని టైల్స్ కింద మూయనివ్వకండి, డ్రెయిన్ అక్కడికే తీసుకెళ్లండి. 25 మిల్లీమీటర్ల పీవీసీ, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఉక్క రోజుల్లో 1.5 టన్ను ఏసీ గంటకు లీటరు, రెండు లీటర్ల నీళ్లు వదులుతుంది. చిన్న ఎత్తుపల్లమున్నా అక్కడ నాచు పట్టి నీళ్లు ఇన్‌డోర్‌లోంచి మంచం మీద పడతాయి. ప్లాస్టర్‌కి ముందు ఒక చెంబు నీళ్లు పోసి అవతల ఎంత వేగంగా వస్తున్నాయో చూడండి. గోడలో ఉన్న భాగానికి ఇన్సులేషన్ చుట్టండి. బాత్రూం మురుగు పైపుకి నేరుగా కలిపితే ఆ వాసన ఏసీలోంచి గదిలోకి వస్తుంది, మధ్యలో ట్రాప్ ఉండాలి.

---

ఫ్లేర్_నట్టు

ఔట్‌డోర్ నిలువుగానే ఉంచండి, పడుకోబెట్టవద్దు, కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి వెళ్తుంది. ఎత్తేటప్పుడు వెనక రెక్కలు పట్టుకోకూడదు, నలిగిపోతాయి. వాల్వు మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసి, మొత్తం టార్పాలిన్ కప్పండి. ఇన్‌డోర్‌ని పాలిథీన్‌తో చుట్టి అన్ని సందులూ టేపు వేయండి, పీసీబీ మీదకి బల్లి చేరితే షార్ట్ అవుతుంది. టైల్స్ కోత, పుట్టీ రుద్దడం పూర్తిగా ముగిసేదాకా ఏసీ బిగించినా వేయకండి. ఆ పొడి తడి కాయిల్ మీద సిమెంటులా గట్టిపడుతుంది.

బిగించిన రోజు ముందు సన్న పైపు వాల్వు పావు వంతు తెరిచి, అన్ని నట్టులకూ సబ్బు నురుగు పూసి చూశాక, రెండు వాల్వులూ పూర్తిగా తెరవాలి. మూతలు మళ్లీ బిగించాలి, అసలు సీలింగ్ చేసేది ఆ మూతలే. 16 డిగ్రీలకు పెట్టి 20 నిమిషాలు నడిపాక, ఇన్‌డోర్ పీల్చే గాలికీ వదిలే గాలికీ తేడా 10–14 డిగ్రీలు రావాలి, లావు పైపు చల్లగా చెమట పట్టాలి. సన్న పైపు మీద మాత్రమే మంచు పేరుకుంటే గ్యాసు తక్కువైనా ఉండాలి, ఎక్కడో అడ్డమైనా ఉండాలి. క్లాంప్ మీటర్ రీడింగు ప్లేటు మీది ఆంపియర్లకు దగ్గరగా ఉందో లేదో మీ ముందే చూపించమనండి. టెక్నీషియన్ మెట్లు దిగకముందే ఇవన్నీ చూడాలి.